వానాకాలం ఆఫీసుకి ఏం వేసుకెళ్తున్నారు? రోజూ తడిసిన కోడిపిల్లలా లోపలికి వెళ్తున్నా

అనంతపురం అమ్మాయి:

అందరికీ నమస్తే. ఉద్యోగం వచ్చి హైదరాబాదులో దిగి ఏడు వారాలైంది. మాది అనంతపురం. మా వైపు ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది, అదీ దయతలిస్తే. వానొస్తే మేం గొడుగు వెతకం, వాకిట్లోకి వెళ్ళి నిలబడతాం. కాబట్టి వానాకాలానికని విడిగా బట్టలు చూసుకోవాలని నాకు నిజంగానే తెలీదు, నవ్వుకోండి పర్లేదు.

హాస్టల్ అమీర్‌పేటలో, ఆఫీసు రాయదుర్గం మెట్రో దిగాక ఇంకో రెండు కిలోమీటర్లు. హాస్టల్ నుంచి స్టేషన్‌కి పది నిమిషాల నడక, ఆ సందులో చిన్న వానకే చీలమండల దాకా నీళ్ళు నిలుస్తాయి. అటు దిగాక షేర్ ఆటో దొరికితే సరే, లేకపోతే మళ్ళీ నడకే. మెట్రోలో ఏసీ, ఆఫీసులో అంతకంటే ఎక్కువ ఏసీ.

పోయిన మంగళవారం మెరూన్ రేయాన్ కుర్తా, కాటన్ లెగ్గింగ్, తెల్ల చున్నీ వేసుకుని బయల్దేరా. రాయదుర్గంలో దిగేసరికి కుండపోత. గొడుగు ఉంది, కానీ నడుము పైన మాత్రమే పనిచేసింది. ఆఫీసుకి చేరేసరికి మోకాళ్ళ దాకా ఉండాల్సిన కుర్తా పిక్కల మీదికి సాగింది, దాని రంగు దిగి తెల్ల చున్నీ అక్కడక్కడా గులాబీ అయింది, మీటింగ్‌లోంచి లేచేసరికి కుర్చీ మీద తడి మచ్చ. టీమ్‌లో ఒక అక్క ఏమీ అనకుండా తన స్టోల్ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా వణుకుతూనే పనిచేశా.

జీన్స్ శుక్రవారం మాత్రమే. మొదటి జీతంలో ఇంటికి పంపగా, హాస్టల్‌కి కట్టగా 5,000 మిగిలింది, అందులోనే అన్నీ రావాలి. స్టైల్ అంటే పెద్ద ఆశలేం లేవు, కాస్త మనిషిలా కనిపిస్తే చాలు. ఏ బట్ట కొనాలి, కింద ఏం వేసుకోవాలి, కాళ్ళకి ఏంటి, గొడుగా రెయిన్‌కోటా? చెప్పండి.

పదమూడేళ్ళ ఐటీ అక్క:

చెల్లీ, పదమూడేళ్ళుగా ఇదే గోల పడుతున్నదాన్ని, విను. తడవకుండా ఉంచే బట్ట కోసం వెతక్కు. అలాంటిది లేదు, ఉన్నా అది వేసుకుని మీటింగ్‌లో కూర్చోలేవు. తడిశాక ఎంతసేపట్లో ఆరుతుంది, తడిగా ఉన్నంతసేపు ఒంటి మీద ఎలా ఉంటుంది, ఈ రెండే చూడు. మనం పొడిగా ఉన్న బట్టని షాపు అద్దంలో చూసి కొంటాం, వచ్చిన చిక్కంతా అదే.

నీ కుర్తా సాగడం నీ ఖర్మ కాదు, రేయాన్ గుణమే అంత. చెక్క గుజ్జు నుంచి తీసిన నార అది, నీళ్ళు తగిలితే బలం బాగా తగ్గిపోతుంది, పైగా బోలెడు నీళ్ళు తాగి బరువెక్కి కిందికి లాగుతుంది. ఎండాకాలంలో దానంత హాయి ఇంకోటి లేదనుకో, నాకూ అరడజను ఉన్నాయి, మృగశిర కార్తె రాగానే అన్నీ బీరువా పై అరలోకి పోతాయి. ఇప్పుడు ఆషాఢం డిస్కౌంట్లలో రెండు కొంటే ఒకటి ఫ్రీ అని కుప్పలు పోసి అమ్ముతున్న కుర్తీల్లో అవే ఎక్కువ. లేబుల్ మీద విస్కోస్ అని రాసి ఉన్నా అదే అనుకో.

క్రేప్‌గానీ జార్జెట్‌గానీ తీసుకో, పాలియెస్టర్‌వి. దులిపితే సగం నీళ్ళు పోతాయి, ఏసీ కింద ముప్పావుగంటలో ఆరిపోతాయి, ఇస్త్రీ పెద్దగా అక్కర్లేదు, హాస్టల్లో ఉన్నదానివి కాబట్టి అదీ కలిసొస్తుంది. జార్జెట్ పల్చగా ఉంటుంది, లైనింగ్ ఏమిటో లోపలికి తిప్పి చూడు. పైన జార్జెట్, లోపల మందపాటి కాటన్ లైనింగ్ అయితే నువ్వు కొన్నది కాటనే అనుకోవాలి, పైన ఆరిపోయి లోపల మధ్యాహ్నం దాకా చెమ్మగానే ఉంటుంది. నేను ఒకసారి ఇలాగే 1,800 పెట్టి మోసపోయా.

పొడవు మోకాలి దాకా చాలు. కింద చీలమండకి రెండు వేళ్ళ పైన ఆగే స్ట్రెయిట్ ప్యాంటు. పలాజోలు వానాకాలంలో చీపుళ్ళే, అమీర్‌పేట సందులన్నీ ఊడ్చుకుంటూ వెళ్తావు. లెగ్గింగ్ తడిస్తే కాలికి అతుక్కుంటుంది, దాని మీద కుర్తా అతుక్కుంటుంది, ఆ తర్వాత నడిచినంతసేపూ లాక్కోవడమే పని.

రంగుల సంగతి కూడా చెప్తా, ఎవరూ చెప్పరు. లేత బూడిద రంగు వద్దే వద్దు, నాలుగు చుక్కలు పడినా దూరానికి కనిపిస్తాయి. తెలుపు, లేత రంగులు తడిస్తే లోపలంతా కనిపిస్తుంది, అది నీకు తెలుసు. అందరూ నలుపు అంటారు గానీ నలుపు మీద బురద ఎండితే సున్నం చల్లినట్టు ఉంటుంది. నేవీ బ్లూ, వంగపండు రంగు, ముదురు ఆకుపచ్చ, వాటిలో చిన్న చిన్న ప్రింటు ఉన్నవి చూసుకో. ప్రింటులో బురద చుక్క కూడా డిజైన్ అనుకుంటారు.

చున్నీ మానెయ్ ఈ మూడు నెలలు. కావాలంటే పైన పొట్టి జాకెట్ లాంటిది వేసుకో, ఏసీకి కూడా పనికొస్తుంది. ఇంకా ముఖ్యమైంది, ఆఫీసు డ్రాయర్‌లో ఒక ప్యాంటు, ఒక జత లోదుస్తులు, చిన్న టవల్, ఒక జత చెప్పులు పెట్టుకో. కొత్తవి కొనక్కర్లేదు, ఉన్నవే. ఎంత మంచి బట్ట వేసుకున్నా తడిసిన లోదుస్తులతో ఎనిమిది గంటలు కూర్చోలేం కదా.

విశాఖ ఉప్పుగాలి:

అక్క చెప్పినదాంట్లో సగమే ఒప్పుకుంటా. మీ హైదరాబాదులో వాన ఆగితే చల్లగా ఉంటుంది, పాలియెస్టర్ వేసుకుని బతికేస్తారు. మా విశాఖలో వాన ఆగిన పావుగంటకి ఒళ్ళంతా జిగురు. నేను కాలేజీలో పాఠాలు చెప్తాను, క్లాసురూముల్లో ఏసీ లేదు, పైన తిరిగే ఫ్యాను కూడా కరెంటు దయ. అక్కడ క్రేప్ కుర్తీ వేసుకుంటే వానకి తడవకపోయినా చెమటకి తడుస్తాం, ఆ చెమట బట్ట పీల్చుకోదు, వీపు మీద కాలువలు కడుతుంది. మధ్యాహ్నానికి వాసన కూడా.

కాటన్ అంటే అన్నీ ఒకటి కాదు. మందపాటి కాటన్ వేరు, మల్ మల్ వేరు. పల్చటి మల్ మల్ తడిసినా ఫ్యాను కింద గంటా గంటన్నరలో ఆరుతుంది, నేను రోజూ చూస్తున్నా. లోపల చర్మం రంగు స్లిప్ వేసుకుంటే పారదర్శకం గొడవ ఉండదు. తెల్ల స్లిప్ కాదు, తెలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంకోటి, మీకు సెప్టెంబరు దాటితే బట్టలు మార్చెయ్యొచ్చు. మాకు, ఇంకా కిందికి నెల్లూరు వైపు వాళ్ళకి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. నెల్లూరులో మా చెల్లెలు దీపావళికి కూడా గొడుగుతోనే తిరుగుతుంది. కాబట్టి వానాకాలం బట్టలు అని కొనేటప్పుడు మీ ఊళ్ళో వాన తర్వాత చలి వేస్తుందా, ఉక్క పోస్తుందా, ముందు అది ఆలోచించుకోండి.

పదమూడేళ్ళ ఐటీ అక్క:

ఉక్క మాట నిజమే, నేను ఏసీ ఆఫీసు లెక్కలో చెప్పా. ఈ అమ్మాయిది ఏసీ నుంచి ఏసీకి ప్రయాణం, తన సమస్య చెమట కాదు, తడిబట్టతో వణుకు. అందుకే క్రేప్ అన్నా. స్లిప్ రంగు మాట మాత్రం బంగారం లాంటి మాట.

సికింద్రాబాద్ స్కూటీ:

మీరు మెట్రో అంటున్నారు కాబట్టి మీకు మోకాళ్ళ కింద దాకా వచ్చే బటన్ల రెయిన్‌కోటు, దానికి తోడు గొడుగు చాలు. కానీ ఇది చదివేవాళ్ళలో సగం మంది బండి మీద వెళ్ళేవాళ్ళే ఉంటారు, వాళ్ళ కోసం కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఎందుకంటే నేను నాలుగేళ్ళలో నాలుగు రెయిన్‌కోట్లు మార్చినవాణ్ణి.

మొదటిది 350 రూపాయల ప్లాస్టిక్‌ది, ట్యాంక్‌బండ్ మీద గాలికి చంక దగ్గర చిరిగింది, రెండో వానకే. రెండోది తల మీంచి వేసుకునే దుప్పటి లాంటిది, పాంచో అంటారు. అది బండి మీద ఎవరూ వేసుకోకండి దయచేసి. గాలికి ఉబ్బి మొహం మీదికి వస్తుంది, వెనక అంచు చక్రం వైపు వెళ్తుంది. చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే.

మూడోది మంచి కంపెనీదే, చొక్కా ప్యాంటు రెండు ముక్కలది, చూడ్డానికి బ్రహ్మాండం. అరగంట ప్రయాణంలో సరిగ్గా కూర్చునే చోట తడిసింది. ఎక్కడ తడుస్తుందో చెప్పక్కర్లేదు అనుకుంటా, ఆఫీసులో నడుచుకుంటూ వెళ్తుంటే అందరూ అక్కడే చూశారు. తర్వాత అర్థమైంది. సీటు మీద కూర్చున్నప్పుడు ఒళ్ళో నీళ్ళు గుంటలా నిలబడతాయి, ప్యాంటు నాలుగు ముక్కలూ కలిసే కుట్టు సరిగ్గా అక్కడే ఉంటుంది, సూది గుచ్చిన ప్రతి బొక్కలోంచీ మన బరువుకి నీళ్ళు లోపలికి నెట్టుకుపోతాయి. గుడ్డ వాటర్‌ప్రూఫే, కుట్టు కాదు. అందుకే కొనేటప్పుడు లోపలికి తిప్పి చూడండి, ప్రతి కుట్టు మీద వేలెడు వెడల్పు టేపు అతికించి ఉండాలి. ముఖ్యంగా ప్యాంటు మధ్యలో. లేకపోతే అది ఎంత ఖరీదైనా పక్కన పెట్టెయ్యండి. నాలుగోది అలా చూసి కొన్నా, 1,650 పడింది, రెండో ఏడు నడుస్తోంది.

సైజు ఒకటి పెద్దది తీసుకోండి, కింద చొక్కా నలగదు, కూర్చుంటే ప్యాంటు పైకి లేవదు. ప్యాంటు అంచు షూ లోపలికి దోపకండి, పైకి రావాలి, లేకపోతే నీళ్ళు నేరుగా షూలోకి పోసుకున్నట్టే. రంగు పసుపో నారింజో తీసుకోండి. నలుపు బాగుంటుంది, ఒప్పుకుంటా, కానీ సాయంత్రం ఏడింటికి వానలో వెనకొచ్చే బస్సు వాడికి మీరు కనపడాలి.

వాన మొదలవగానే ఫ్లైఓవర్ కింద ఆపి తొడుక్కునే అలవాటు కూడా మానాలి మనం. పదిమంది ఆపితే సగం రోడ్డు పోతుంది, వెనకొచ్చేవాడు తడి రోడ్డు మీద బ్రేకు వేయలేడు. మబ్బు చూసి ఇంటి దగ్గరే వేసుకోండి. ఇంకా, తడి కోటు డిక్కీలో కుక్కి రాత్రంతా వదిలెయ్యకండి. లోపలి పూత పొరలు పొరలుగా ఊడొస్తుంది, వాసన సంగతి సరే.

చిటికి మగ్గం:

మాది పోచంపల్లి దగ్గర ఊరు, నాన్న నేస్తారు, నేను సిటీలో అకౌంట్స్ పని. రంగు దిగింది అన్నారు కదా, దాని మీద రెండు మాటలు.

కొత్త బట్ట ఏదైనా సరే వానలో వేసుకునే ముందు ఒక పని చేయండి. తెల్ల జేబురుమాలు తడిపి, బట్ట లోపలి మడత దగ్గర గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటిందంటే ఆ బట్ట ఇంకా వానకి సిద్ధంగా లేదు. విడిగా రెండు మూడుసార్లు చల్లనీళ్ళలో జాడించి మళ్ళీ రుద్ది చూడండి. కల్లుప్పు వేసి నానబెడితే రంగు ఆగిపోతుందని అందరూ చెప్తారు, మా అమ్మ కూడా. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకి పని ఉంది, అది రంగుని దారంలోకి పట్టిస్తుంది. అద్దకం అయిపోయాక, షాపులో కొన్న బట్టకి వేస్తే ఏమీ ఆపదు. దిగాల్సిన రంగు దిగే తీరుతుంది. మెరూన్, నీలం, నలుపు ఎక్కువ దిగుతాయి, వాటి పక్కన తెలుపు వేసుకోకపోవడమే మేలు.

చేనేత కాటన్ వానాకాలం వద్దని ఎవరూ అనలేదు గానీ అనకముందే చెప్తున్నా. కొత్త చీరకి గంజి ఉంటుంది, వానలో తడిస్తే ఆ గంజి జిగురుగా మారి, ఆరాక ముడతలు గట్టిపడతాయి. రెండు మూడు ఉతుకులైన మంగళగిరి కాటన్‌గానీ మా ఇక్కత్ కాటన్‌గానీ వానాకాలానికి చక్కగా ఉంటాయి. ఇక్కత్‌లో ఇంకో లాభం, నేతకి ముందే దారానికి రంగు వేస్తాం కాబట్టి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, కుచ్చిళ్ళ కింది అంచు బురదైతే తిప్పి కట్టుకోవచ్చు. మా అమ్మ అలాగే చేస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. వానాకాలం మీకు బట్టలు ఆరవు, మాకు నేత సాగదు. మావి గుంట మగ్గాలు, కాళ్ళు పెట్టే గుంటలోకి నీళ్ళు ఊరతాయి, ముసురు పట్టిందంటే వారం పది రోజులు మగ్గం ఆగిపోతుంది. పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా ఉండే దారాలకి, గంజి పట్టించి ఆరబెట్టాలన్నా ఎండ కావాలి. ఆషాఢం సేల్‌లో చేనేత అని 600కి చీర ఇస్తున్నారంటే ఒకసారి ఆలోచించండి, అంతే.

మందుల షాపు:

వానాకాలం వచ్చిందంటే మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది గొంతు తగ్గించి అడిగేది ఒక్కటే, తామర మందు. తొడల మధ్య, నడుము చుట్టూ, లోదుస్తుల ఎలాస్టిక్ ఉండే చోట. బిగుతు జీన్స్ తడిసి ఒంటి మీదే ఆరితే వచ్చేది అదే. జీన్స్ ఆరడానికి దండెం మీదే ఒకటిన్నర రోజు పడుతుంది, ఒంటి మీద ఎప్పుడు ఆరాలి? అందుకని శుక్రవారం జీన్స్ అవకాశం ఉన్నా, వాన ఉంటే వదిలెయ్యమ్మా. లోదుస్తులు మాత్రం కాటన్‌వే వేసుకోండి, పైన క్రేప్ ఉన్నా సరే, రోజుకి రెండు జతలైనా పర్లేదు.

దురద మొదలైతే షాపుకి వచ్చి తెల్ల ట్యూబ్ ఇవ్వండి అని అడగొద్దు. స్టెరాయిడ్ కలిపిన క్రీములు రెండు రోజుల్లో దురద తగ్గిస్తాయి, మానగానే రెట్టింపు వెడల్పున తిరిగొస్తుంది, ఆ తర్వాత మామూలు మందులకి లొంగదు. చర్మం డాక్టరుకి చూపించండి. మా వ్యాపారానికి నష్టమే, అయినా చెప్తున్నా.

కాలివేళ్ళ మధ్య ఒరుసుకుపోయేవాళ్ళు ఆఫీసుకి చేరగానే కాళ్ళు కడిగి, వేళ్ళ మధ్య టిష్యూతో తుడుచుకోండి. కాలికి పుండు గానీ గీత గానీ ఉంటే నిలిచిన నీళ్ళలోకి దిగకండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఆ అమీర్‌పేట సందు ఎలాంటిదో నాకు తెలీదు గానీ డ్రైనేజీ పొంగే చోటైతే చుట్టుతిరిగి వెళ్ళడమే నయం.

ఠాణే తెలుగోడు:

కాళ్ళ విషయం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ముంబై వైపు జూన్ మొదటి వారం నుంచి చెప్పుల షాపుల ముందు తాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులు వేలాడతాయి. బ్యాంకు మేనేజర్లు కూడా లోకల్ రైల్లో అవే వేసుకుని, ఆఫీసులో బూట్లు మార్చుకుంటారు. ఎవరూ నవ్వరు.

హవాయి చెప్పులు మాత్రం వద్దు. మడమకి పట్టు ఉండదు కాబట్టి అడుగు ఎత్తిన ప్రతిసారీ టప్పున కొట్టి బురదని పైకి విసురుతాయి, వెనక ప్యాంటు మీద పిరుదుల దాకా చుక్కలు. ముందు నుంచి చూసుకుంటే మనకి తెలీదు, వెనక నడిచేవాడికి తెలుస్తుంది. మడమ వెనక పట్టీ ఉండాలి, అడుగున గాడులు లోతుగా ఉండాలి, పైన నీళ్ళు పోయే సందులు ఉండాలి. మెట్రో స్టేషన్ల నున్నటి గచ్చు మీద అరిగిన చెప్పు జారితే నడుము పోతుంది. 400 నుంచి 600లో మంచివి దొరుకుతాయి. మూసి ఉండే రబ్బరు బూట్లు సినిమాల్లో బాగుంటాయి, లోపలికి ఒకసారి నీళ్ళు పడ్డాయంటే రెండు బకెట్లు మోస్తున్నట్టే.

బేగంపేట ఫార్మల్స్:

మగవాళ్ళకి కూడా ఒక ముక్క చెప్పండి అన్నా, మాకు షర్ట్ టక్ చేసి తోలు బూట్లు వేసుకోవాల్సిందే.

సికింద్రాబాద్ స్కూటీ:

కాటన్ చినోలు పక్కన పెట్టు తమ్ముడూ. మన నాన్నల కాలం టెరికాటన్ ప్యాంటే, అదే పాలియెస్టర్ కాటన్ కలిపింది, ఇప్పుడు దేవుడు. తడిసినా గంటలో ఆరుతుంది, మడత చెక్కుచెదరదు. తోలు బూట్లు బ్యాగులో, కాలికి ఠాణే అన్న చెప్పిన చెప్పులు. బూట్లు ఎప్పుడైనా తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చి, నీడలో ఆరబెట్టు. హీటర్ ముందు పెడితే తోలు బిరుసెక్కి పగుళ్ళు వస్తాయి.

పాలమూరు:

మీరంతా టేపులు, పూతలు అంటుంటే మా తాత గుర్తొచ్చిండు. గొర్రెల కాపరి. నల్ల గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచేటోళ్ళు. దాన్ని తల మీద మడిచి వేసుకుంటే ముసుర్లో పొద్దంతా గుట్ట మీద నిలబడేటోడు. పైన తడిసేది, బరువెక్కేది, లోపల మాత్రం వెచ్చగనే. కుట్టు లేదు కాబట్టి కారే సమస్యే లేదు. ఆఫీసుకి వేసుకెళ్ళమని చెప్పట్లేను లెండి, మెట్రోలో పక్క సీటు ఖాళీ అవుతుంది, ఆ గొర్రె వాసనకి.

అనంతపురం అమ్మాయి:

అందరికీ థాంక్స్. ఆదివారం వెళ్ళి కొనేశా. నేవీ బ్లూ మీద చిన్న తెల్ల పూల క్రేప్ కుర్తీ 750, ముదురు ఆకుపచ్చది ఇంకొకటి 680, రెండిటికీ లోపలికి తిప్పి లైనింగ్ చూశా. షాపు అబ్బాయి ఏం వెతుకుతున్నారు మేడమ్ అని మూడుసార్లు అడిగాడు. తడి రుమాలు తీసి రుద్దితే మాత్రం సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆకుపచ్చ దిగలేదు, మొదట నచ్చిన వంగపండు రంగుది దిగింది, అక్కడే వదిలేశా. రెండు స్ట్రెయిట్ ప్యాంట్లు కలిపి 1,100, మడమ పట్టీ చెప్పులు 450, బటన్ల రెయిన్‌కోటు 900. లోదుస్తులూ అవీ పోగా ఇంకా 500 చిల్లర మిగిలాయి.

నిన్న పరీక్ష కూడా అయిపోయింది. రాయదుర్గంలో ఆటో లేదు, నడిచా. ప్యాంటు కింద జానెడు తడిసింది, కుర్తీ అంచు తడిసింది, అంతే. పదకొండింటి మీటింగ్‌కి వెళ్ళేసరికి పొడి. స్టోల్ ఇచ్చిన అక్క కుర్తీ బాగుంది ఎక్కడ కొన్నావ్ అని అడిగింది.

కానీ హాస్టల్లో బట్టలు ఆరడమే పెద్ద టెన్షన్. మెట్ల కింద ఒక్క దండెం, నలభై మందిమి, ముక్కిన వాసన వస్తోంది. ఇంకోటి, వచ్చే ఆదివారం రూమ్మేట్ వాళ్ళింటికి లాల్‌దర్వాజా బోనాలకి రమ్మంది. అమ్మ ఇచ్చిన ధర్మవరం పట్టుచీర ఒకటుంది, కట్టుకోనా?

విశాఖ ఉప్పుగాలి:

వాసన సబ్బు ఎక్కువ వేస్తే పోదు, ఆరడం ఆలస్యమైతేనే వస్తుంది. పిండాక బట్టని పొడి టవల్‌లో చాపలా చుట్టి, పైన మోకాలు పెట్టి నొక్కు, మిగిలిన నీళ్ళు టవల్‌కి పోతాయి. తర్వాత దండెం మీద కాదు, హ్యాంగర్‌కి వేసి రూమ్‌లో ఫ్యాను కింద, ఒకదానికొకటి జానెడు దూరంలో. రాత్రి పది దాటాక ఉతుకు, అప్పుడు ఫ్యాను అందరికీ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. ఆరీ ఆరనివి మడిచి సూట్‌కేసులో పెట్టకు.

చిటికి మగ్గం:

పట్టుచీర వద్దండి. తడిస్తే పట్టు మీద నీటి మరకలు పడతాయి, చెమ్మ తగిలితే జరీ నల్లబడుతుంది, ఆ జనంలో కుంకుమ, పసుపు నీళ్ళు మీద పడకుండా రాలేరు. నారాయణపేట కాటన్ చీర తీసుకోండి, దానికి వెడల్పు అంచు ఉంటుంది, చూడ్డానికి పండగలాగే ఉంటుంది, బురదైతే ఉతుక్కోవచ్చు. పట్టుచీరని పాత తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో కాదు, లోపల చెమ్మ పడుతుంది. వానలు తగ్గాక ఒకసారి మడత మార్చి నీడలో గాలి తగలనివ్వండి.

అనంతపురం అమ్మాయి:

రూమ్మేట్ వాళ్ళ అమ్మగారి నారాయణపేట చీర ఒకటి ఉందట, పచ్చది, ఎర్ర అంచు. అదే కట్టుకుంటా. రుమాలు తడిపి రుద్దనా అంటే రూమ్మేట్ కోపంగా చూస్తోంది.